లోడు నిమిషాలు

మా పూలగుమ్మి పురపాలక సంఘం చేసిన ఏ పనినీ నేను ఎన్నడూ తప్పుపట్టి ఎరగను. ముప్పై రెండేళ్లు నీటిపారుదల శాఖలో పనిచేసి హెడ్ గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. పైనుంచి ఒక కాగితం వచ్చిందంటే దాని వెనక ఏదో ఒక ఆలోచన ఉండే ఉంటుందనీ, అది మనకి కనపడకపోతే లోపం మన కళ్లజోడుదేననీ నా నమ్మకం. మా ఆవిడ భ్రమరాంబకి ఈ నమ్మకం లేదు. ఆవిడ ప్రభుత్వోద్యోగం చెయ్యలేదు.

కిందటి ఏడు జులైలో మా ఏడో వార్డును నిశ్శబ్ద హరిత వార్డుగా ప్రకటించారు. ఇంటింటికీ తోటపని యంత్రాలు ఉచితంగా ఇస్తారన్నారు. తీగ ఉండదు, పెట్రోలు పొయ్యక్కర్లేదు, అన్నీ బ్యాటరీతో నడుస్తాయి. కల్యాణ మండపంలో షామియానా వేసి పంచారు. ఇంటికి మూడేసి యంత్రాలు: గడ్డి కోసేది, కంచె కత్తిరించేది, రాలిన ఆకుల్ని ఊదేది. మూడింటికీ కలిపి ఒకటే బ్యాటరీ, ఇటుకలో సగం ఉంటుంది. దాన్ని యంత్రం వెనక టక్కున తగిలించాలి. బ్యాటరీ మీద ఒక చిన్న కిటికీ ఉంది, యంత్రం ఎన్ని నిమిషాలు పనిచేసిందో అందులో అంకెలు పడతాయి.

యంత్రాలకి పసుపు కుంకుమ రాసి, నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయలు కొట్టారు. కమిషనరు గారు ఆకులు ఊదే యంత్రం చేతబట్టి ప్రారంభోత్సవం చేశారు. వేదిక మీద చల్లిన బంతిపూల రెక్కలతో పాటు వారి ప్రసంగం కాగితాలు కూడా లేచి చెరువుగట్టు దాకా వెళ్లాయి. మిగతాది వారు కాగితం లేకుండా మాట్లాడారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. అంత చక్కటి ప్రసంగం మా ఊళ్లో నేను మళ్లీ వినలేదు.

మా వీధి సంగతి కూడా చెప్పాలి. పదకొండు ఇళ్లు. స్కూటరు, తులసికోట, బట్టలారేసే తీగ, ఈ మూడూ పెట్టాక మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత ఆవరణలు. కాస్త పెరడంటూ ఉన్నది మా ఒక్క ఇంటికే. ఆ పెరట్లో ఉన్నది ఒక్కటే చెట్టు, కరివేపాకు. పద్నాలుగు అడుగుల ఎత్తు. వీధిలో ఎవరు పోపు పెట్టినా అందులో మా ఆకు పడాల్సిందే. పొద్దున ఎనిమిది దాటాక ఒక్కొక్కరే వస్తారు. రెండు రెబ్బల కోసం వచ్చినవాళ్లు అరగంటకి తక్కువ ఉండరు. భ్రమరాంబకి మోకాళ్లు పట్టేసి మూడేళ్లయింది, మెట్లు దిగి వీధిలోకి వెళ్లలేదు. అందుకని వీధే ఆవిడ దగ్గరికి వస్తుంది. ఎవరి కోడలికి నెల తప్పింది, ఎవరింట్లో బోరు ఎండింది, అన్నీ ఆ చెట్టు కింద కుర్చీలోనే తేలతాయి. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో కూడా నా బల్ల దగ్గరికి అంతమంది రాలేదు.

యంత్రాలు ఇచ్చిన మర్నాడే సర్క్యులరు వచ్చింది. ప్రతి ఇల్లూ వారానికి అరవై నిమిషాలు యంత్రాలతో పెరటి పని చెయ్యాలి. ప్రతి వీధికీ ఒక హరిత సమన్వయకర్త ఉంటాడు. ఆయన ఆదివారం ఆదివారం ఇంటింటికీ వెళ్లి, బ్యాటరీ కిటికీలో అంకెలు చూసి రిజిస్టర్లో ఎక్కిస్తాడు. మా వీధికి నన్ను వేశారు. నా దస్తూరీ బాగుంటుందని ఎవరో చెప్పారట. నాకు లోపల గర్వంగానే ఉంది, కాదనను. మొదటి వారంలోనే వీధిలోని పచ్చదనాన్నంతా సర్వే చేసి పట్టిక తయారుచేశాను. అందులో ఆఖరి వరసలో మా ఇంటి ఎదుట "కరివేపాకు చెట్టు, ఒకటి, పద్నాలుగు అడుగులు, గుబురుగా ఉన్నది" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఆ "గుబురుగా ఉన్నది" ఎవరూ రాయమనలేదు. కాలమ్‌లో ఖాళీ మిగిలితే నాకు తోచదు.

సర్క్యులరులో తొమ్మిదో అంశం యంత్రేతర పద్ధతుల నిషేధం. కొడవళ్లు, దోటీలు, పారలు, చీపుళ్లు వార్డు ఆఫీసులో అప్పగించి రసీదు తీసుకోవాలి. చేతితో తుంచుట, గిల్లుట, పీకుట కూడా యంత్రేతర పద్ధతులుగానే పరిగణించబడును.

ఆ వారమే ఎదురింటి కరుణ కరివేపాకు కోసం వచ్చింది. ఆసుపత్రిలో నర్సు, డ్యూటీకి వెళ్లే తొందరలో అలవాటు కొద్దీ కొమ్మ మీదికి చెయ్యెత్తింది. నేను ఆపి తొమ్మిదో అంశం చదివి వినిపించాను.

"రెండు రెబ్బలకి కూడా యంత్రమేనా బాబాయిగారూ?"

"ఎన్ని రెబ్బల దాకా మినహాయింపో సర్క్యులరులో చెప్పలేదమ్మా."

కరుణ ఇంటికెళ్లి కంచె కత్తిరించే యంత్రం తెచ్చింది. దానికి రెండు మీటలుంటాయి, రెండు చేతులతో ఒకేసారి నొక్కితే గానీ తిరగదు. రెబ్బ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. మూరెడు కొమ్మ నుజ్జయి కింద రాలింది. ఏరుకున్నంత ఏరుకుని వెళ్లింది. బ్యాటరీలో పది సెకన్లు కూడా పడలేదు. మర్నాడు కరుణ రాలేదు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. భ్రమరాంబ పొద్దున్నే కుర్చీ వేసుకుని కూర్చునేది, పదింటికి లేచి లోపలికి వచ్చేసేది. నాతో మాట్లాడటం తగ్గించింది. నేను రిజిస్టరు పనిలో ఉండి అంతగా పట్టించుకోలేదు.

తక్కిన వీధంతా ఉత్సాహంగా ఉంది. చివరింట్లో దానియేలు మాస్టారని రిటైరైన డ్రిల్లు మాస్టారు ఉన్నారు. ఆయన మొదటి వారం క్రోటన్లన్నీ ఒకే ఎత్తుకి కత్తిరించి వరసలో నిలబెట్టారు. రెండో వారం నందివర్ధనాన్ని బంతిలా చేశారు. మూడో వారం ఆ బంతిని నిమ్మకాయంత చేశారు. నాలుగో వారానికి కుండీలో పుల్ల మిగిలింది. ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. నెల తిరిగేసరికి మా వీధి తిరపతి వెళ్లి తలనీలాలు ఇచ్చొచ్చినట్టుంది. కొయ్యడానికి ఎక్కడా ఏమీ లేదు. అరవై నిమిషాలు మాత్రం వారం వారం వస్తూనే ఉన్నాయి.

లోటు నోటీసులు వచ్చాయి. నేను రిజిస్టరు చంకన పెట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. ఈ పథకానికి గోవర్ధనం గారని ప్రత్యేకంగా ఒక అధికారి ఉన్నారు. హరిత యంత్ర సద్వినియోగ పర్యవేక్షణాధికారి. బోర్డు గుమ్మం కన్నా వెడల్పుగా ఉండటంతో సగం కిటికీ మీదికి వచ్చింది.

"కొయ్యడానికి ఏమీ మిగల్లేదండీ," అన్నాను.

"అది లబ్ధిదారుల వైఫల్యంగా పరిగణించవలసి ఉంటుంది ఫణిభూషణం గారూ," అన్నారాయన. "మొక్కలు తగు రీతిలో సహకరించడం లేదని మేము పై అధికారులకి నివేదించలేం గదా."

"పోనీ యంత్రాన్ని ఊరికే గాల్లో తిప్పితే?"

"అది గాలి నిమిషం. బ్యాటరీ దాన్ని గుర్తించదు. బ్లేడుకి ఏదో ఒకటి తగలాలి, బరువు పడాలి. అప్పుడే అది లోడు నిమిషం. పథకం దృష్టిలో లోడు నిమిషమే నిమిషం."

"అసలీ అరవై ఎలా వచ్చిందండీ?"

ఆయన ఒక ఫైలు తీసి చూపించారు. సగటు పెరడు ఎకరంలో మూడో వంతు అని ఉంది.

"మా వీధి మొత్తం కలిపినా అంత ఉండదండీ."

"సగటు అంటే అదేనండీ. ఎక్కడో ఒకచోట రెండెకరాల పెరడున్నాయన ఉంటాడు. ఆయన తన విస్తీర్ణంతో మిమ్మల్ని పైకి లేపుతున్నాడు. కృతజ్ఞతగా ఉండవలసింది పోయి మీరు అభ్యంతరం లేవదీస్తున్నారు."

నాకు నిజంగానే సిగ్గేసింది. లోటు తీర్చని ఇంటికి ఏమవుతుందో కూడా చెప్పారు. గేటుకి హరిత విముఖ గృహమని ఎర్ర బోర్డు పెడతారు. ఆ ఇంట్లో పుట్టినవాళ్లు పుట్టినట్టు గానీ, పోయినవాళ్లు పోయినట్టు గానీ పురపాలక సంఘం ధ్రువీకరించదు.

అయితే ప్రభుత్వం మమ్మల్ని గాలికి వదిలెయ్యలేదు. ముడిసరుకు సరఫరా మొదలుపెట్టింది. సోమవారం సోమవారం ఎక్కణ్ణించో ట్రాక్టరు మీద ఎండుటాకులు వచ్చేవి. ఇంటికి రెండు బస్తాలు. వాటిని ఆవరణలో పరిచి, యంత్రంతో ఊది ఒక మూలకి చేర్చాలి. చేర్చాక పారెయ్యకూడదు, అవి ప్రభుత్వ సామగ్రి. అందుకని మొదటింటివాళ్లు రెండో ఇంటికి ఊదేవారు, రెండో ఇంటివాళ్లు మూడో ఇంటికి. గురువారానికి పదకొండు ఇళ్ల ఆకులూ దానియేలు మాస్టారి గుమ్మంలో కొండలా పేరుకునేవి. ఆయన ఈల వేసి వెనక్కి ఊదడం మొదలుపెట్టేవారు. మూడు వారాలు ఇలా తిరిగేసరికి ఆకులు పొడైపోయాయి. వీధంతా తుమ్ములు. కరుణ వాళ్ల ఆసుపత్రిలో మా వీధివాళ్లకి పేరు అడక్కుండానే చీటీ రాసేవారట.

తర్వాత సిమెంటు ఆవరణలున్న ఇళ్లకి గడ్డి చాపలు ఇచ్చారు. వాటిని పరవాలి, నీళ్లు పొయ్యాలి, పెరిగింది కొయ్యాలి, కోసింది మళ్లీ పెంచాలి. మంచినీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లో చాపలకి మాత్రం రోజూ ట్యాంకరు వచ్చింది. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని, ఇవీ చాపల కోసమేనని చెప్పి నీళ్లు పట్టుకునేవారు.

భ్రమరాంబ తన నిమిషాలు తను చూసుకునేది. పెరట్లో కుర్చీ వేసుకుని, గోంగూర కట్టలు స్టూలు మీద పెట్టుకుని కంచె యంత్రంతో తరిగేది. మినప్పప్పు నానేసి పొట్టు తీసి ఆరబెట్టి, ఆకుల యంత్రంతో ఊదేది. పొట్టు పక్కింట్లో పడేది, పప్పు కూడా కొంత పక్కింట్లోనే పడేది. ఒకసారి తనిఖీకి వచ్చిన గోవర్ధనం గారు ఇది చూసి నిలబడిపోయారు.

"ఇది వంటింటి పని కదమ్మా. పథకం గృహ ఆవరణ పనులకే పరిమితం."

"ఆవరణలోనే కదా కూర్చున్నాను. కుర్చీ ఎక్కడుందో చూసుకోండి."

ఆయన జేబులోంచి టేపు తీసి వంటింటి గడప నుంచి కుర్చీ దాకా కొలిచారు. మూడడుగుల రెండంగుళాలు వచ్చింది. రాసుకుని, సంతకం పెట్టి, ఆమోదించారు.

ఇలా ఎన్ని తిప్పలు పడినా మార్చి వచ్చేసరికి మా వీధి నాలుగువందల పన్నెండు నిమిషాలు వెనకబడింది. మార్చి అంటే ఏమిటో ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ముప్పై ఒకటో తేదీ లోపల, ఇచ్చినవన్నీ వాడేశామని వినియోగ ధ్రువపత్రం పైకి వెళ్లాలి. గోవర్ధనం గారు కళ్లకింద నలుపుతో మా ఇంటికి వచ్చారు. చేతిలో నా రిజిస్టరు. ఆఖరి వరస మీద ఆయన వేలుంది. తలెత్తి పెరట్లోకి చూశారు.

"ఇంత జీవద్రవ్యం ఇక్కడ ఉంచుకుని లోటు చూపిస్తున్నారా?"

"అది కరివేపాకు చెట్టండీ," అంది భ్రమరాంబ.

"మీ దృష్టిలో చెట్టమ్మా. కాగితంలో అది వినియోగించబడని జీవద్రవ్యం. పద్నాలుగు అడుగులు, గుబురుగా ఉన్నది అని స్పష్టంగా నమోదై ఉంది."

భ్రమరాంబ రిజిస్టరు వైపు చూసింది. ఆ దస్తూరీ ఎవరిదో ఆవిడకి చెప్పక్కర్లేదు, పెళ్లికి ముందు ఆ దస్తూరీతోనే నలభై ఉత్తరాలు అందుకుంది. నా వైపు చూసింది.

"ఆ చెట్టు జోలికి రావద్దండీ," అంది గోవర్ధనం గారితో. "మీకు దండం పెడతాను. నేను కాలు కదపలేనిదాన్ని. అదుంటే నలుగురూ వస్తారు."

"ధ్రువపత్రం వెళ్లకపోతే వచ్చే ఏటికి యంత్రాలు రావమ్మా."

"రాకపోతే ఏమవుతుంది?"

గోవర్ధనం గారు రిజిస్టరు ముందు నుంచి వెనక దాకా తిరగేశారు. ఆ ప్రశ్న ఇంతవరకు ఏ ఫైల్లోనూ లేదని నాకు అర్థమైంది. రిజిస్టరు మూసి ఆదేశం రాసి నా చేతిలో పెట్టారు. ముప్పయ్యో తేదీ పదకొండు గంటలకి ప్రాంతీయ సంచాలకుల వారి సమక్షంలో పదకొండు యంత్రాలతో ఆకు కోత. ఆపైన సంచాలకుల వారు తమ వెంట తెచ్చే సరికొత్త బ్యాటరీ రంపానికి ప్రారంభోత్సవం. మాను మొదలంటా కొయ్యబడును. సమన్వయకర్త సంతకం కావాలి. నేను పెట్టాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, సంతకం చెయ్యమని కాగితం ఇస్తే చెయ్యకపోవడం ఎలాగో నాకు తెలీదు.

ఇరవై తొమ్మిదో తేదీ సాయంత్రం భ్రమరాంబ కరుణని పిలిచింది.

"రేపు పొద్దున వీధి వీధంతా రమ్మని చెప్పమ్మా. సంచులు తెచ్చుకోమను. యంత్రాలు తేవద్దను."

"ఇప్పుడే వచ్చేస్తాం పిన్నిగారూ, ఎందుకైనా మంచిది. రేపు వాళ్లు ముందే వచ్చేస్తే?"

"వద్దు. సందెవేళ అయిపోతుంది. పొద్దుగూకాక ఆకు తుంచకూడదు. ఎలాగూ పోయే చెట్టే, పోయేటప్పుడన్నా దాని మర్యాద దానికి ఉండనీ. ఒక్క ఆకు కూడా ఆ యంత్రం నోట్లో పడకూడదు. మన ఆకు మన ఇళ్లకే పోవాలి."

ముప్పయ్యో తేదీ వెలుగు రేఖలు వస్తూనే వీధి మా పెరట్లోకి వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత మనుషులు వచ్చారు. ముప్పై రెండు మంది. పీటలెక్కినవాళ్లు, నిచ్చెన వేసినవాళ్లు, ఒడి పట్టినవాళ్లు. దానియేలు మాస్టారు వరసలు ఏర్పరచబోయారు గానీ ఎవరూ వినలేదు. భ్రమరాంబ అందరికీ కాఫీలు పెట్టించింది. ఎనిమిది నెలల కబుర్లు బాకీ ఉన్నాయేమో, చేతుల కన్నా నోళ్లు ఎక్కువ ఆడాయి. మధ్యలో ఎవరో మూల ఇంటి పిల్లకి సంబంధం కుదిరిందన్నారు. ఆ సంగతి తనకి ఇన్నాళ్లూ తెలియనందుకు భ్రమరాంబ కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను అప్పుడు చూశాను ఆవిణ్ణి. ఆ చెట్టు ఆవిడకి ఏమిటో నాకు ఆ నిమిషం దాకా తెలీదు. పక్కన నలభై మూడేళ్లుగా ఉన్నవాణ్ణి.

నేనేం చేశానంటారా. తొమ్మిదో అంశం ఉల్లంఘన నా కళ్లముందే జరుగుతోంది. సమన్వయకర్తగా నమోదు చెయ్యడం నా విధి. గట్టు మీద కూర్చుని, ఎవరు ఎన్నింటికి చెయ్యి వేశారో, ఎన్నింటికి తీశారో, ముప్పై రెండు పేర్లూ రాశాను.

పదకొండింటికి సంచాలకులు గారు జీపు దిగారు. నలభై ఏళ్లుంటాయి, మూడు జిల్లాల ధ్రువపత్రాలు ఆయన నెత్తిమీద ఉన్నట్టు ముఖంలోనే తెలుస్తోంది. వెనకాల బొట్టుపెట్టిన రంపం మోసుకుంటూ గోవర్ధనం గారు వచ్చారు. పెరట్లో మోడు నిలబడి ఉంది. ఒక్క ఆకు లేదు. చుట్టూ ముప్పై రెండు మంది సంచులతో.

"ఏదీ జీవద్రవ్యం?" అన్నారు సంచాలకులు గారు.

"నిన్న సాయంత్రం వరకు ఉన్నట్టు ధ్రువీకరణ ఉంది సార్," అన్నారు గోవర్ధనం గారు.

"ఏ యంత్రంతో కోశారు?"

దానియేలు మాస్టారు అటెన్షన్‌లో నిలబడి రెండు చేతులూ ముందుకి చాపారు.

"యంత్రేతర పద్ధతి సార్. తొమ్మిదో అంశం ఉల్లంఘన. ముప్పై రెండు కేసులు," అన్నారు గోవర్ధనం గారు.

"రికార్డు ఉందా?"

నేను రిజిస్టరు ఇచ్చాను. సంచాలకులు గారు చదివారు. జేబులోంచి ఫోను తీసి కూడారు. మళ్లీ కూడారు. కుర్చీ అడిగి కూర్చున్నారు.

"రెండువేల నూట పది నిమిషాలు," అన్నారు మెల్లిగా. "అన్నీ బరువు పడ్డ నిమిషాలేనా?"

"చెట్టు చూడండి సార్," అన్నాను.

ఆయన దానియేలు మాస్టారి చేతుల్ని తిప్పి చూశారు. "ఈ పరికరానికి తీగ లేదు కదా?"

"లేదండీ."

"పెట్రోలు?"

"లేదండీ."

"చార్జింగు?"

"పొద్దున కాఫీ ఇచ్చానండీ," అంది భ్రమరాంబ.

"ఎన్నేళ్లు పనిచేస్తుంది?"

"నావి అరవై ఏడేళ్లుగా పనిచేస్తున్నాయి. మోకాళ్లే ఇబ్బంది గానీ చేతులు బానే ఉన్నాయి."

సంచాలకులు గారు గోవర్ధనం గారి వైపు తిరిగారు. "తీగరహితం, ఇంధనరహితం, నిశ్శబ్దం. పథకం లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయి. చేతిని నిషేధిత జాబితాలోంచి తీసి ఆమోదిత పరికరాల జాబితాలో చేర్చండి. నిన్నటి తేదీ వెయ్యండి. వీధి మొత్తం వినియోగం ఎంతవుతుంది?"

"నూట ఏడు శాతం సార్."

"మరి రంపం..." అని గోవర్ధనం గారు దాన్ని కాస్త ముందుకి జరిపారు. దాని మీద నిమ్మకాయ ఊగుతోంది.

"నూట ఏడు అన్నారు కదయ్యా. ఇంకొక్క నిమిషం పెరిగితే ఎందుకు పెరిగిందని ఆడిట్‌కి సంజాయిషీ ఇచ్చుకోవాలి. పెట్టెలో పెట్టెయ్యండి."

రంపం పెట్టెలోకి వెళ్లింది. మోడు నిలబడింది. సంచాలకులు గారు ఎక్కేముందు జీపు దగ్గర ఆగి, మీలాంటి వీధి రాష్ట్రానికే ఆదర్శమన్నారు. భ్రమరాంబ ఆయనకి ఒక సంచీలో ఆకు పోసి ఇచ్చింది. ఆయన తీసుకున్నారు.

అంతటితో ఆగితే అది మా పురపాలక సంఘం ఎందుకవుతుంది. మే నెలాఖరులో స్వహస్త హరిత పథకమని కొత్త ఆదేశం వచ్చింది. యంత్రాలు అటకెక్కాయి. ఇక ప్రతి ఇల్లూ వారానికి అరవై నిమిషాలు చేతితో ఆకు కొయ్యాలి. మణికట్టుకి కట్టే మీటర్లు టెండరు దశలో ఉన్నందున, అప్పటిదాకా సమన్వయకర్త రిజిస్టరే ప్రమాణం. వార్డులో ఇంకెక్కడా ఆకు లేదు కాబట్టి, మా వీధి పదకొండు ఇళ్లనీ మా చెట్టుకే కేటాయించారు. చెట్టు అప్పుడే మోడు కణుపుల దగ్గర చిగురు పెడుతోంది. ఎర్రగా, బొటనవేలంత పొడవు. పదకొండు ఇళ్లవాళ్లు కొయ్యడం మొదలుపెడితే పావుగంటలో అయిపోతుంది. మళ్లీ మళ్లీ అలా గిల్లితే ఏ చెట్టూ బతకదు.

ఆదివారం పొద్దున అందరూ ఆదేశం పట్టుకుని వచ్చారు. చేతులు ఏం చేసుకోవాలో తెలీక నిలబడ్డారు. భ్రమరాంబ ఆదేశం నా చేత చదివించుకుంది. విని, చాపలు పరిపించింది. మిగిలిపోయిన గడ్డి చాపలే.

"ఆకు ఎవరూ ముట్టుకోకండి. కూర్చోండి," అంది.

కూర్చున్నారు. కరుణ ఆసుపత్రి సంగతులు ఎత్తుకుంది. నేను రిజిస్టరు తెరిచాను. పరికరం: చేయి. చేసిన పని: ఆకు కోత. నిమిషాలు: అరవై. భ్రమరాంబ నా వైపే చూస్తోంది. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఒక్క అబద్ధం రాయనివాణ్ణి, ఆ పూట వరసగా పదకొండు రాశాను. చాలా సంతోషంగా కూడా ఉంది, ఆ సంగతి దాచడమెందుకు.

గంట గడిచేలోపు గోవర్ధనం గారు తనిఖీకి వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు. ఇరవై మంది చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. చిగుళ్లు చిగుళ్లలాగే ఉన్నాయి. ఆయన నా రిజిస్టరు చూశారు, చెట్టు చూశారు, మళ్లీ రిజిస్టరు చూశారు.

"ఎండలో నిలబడ్డారేంటి, ఇలా గోడ నీడలోకి రండి," అంది భ్రమరాంబ. "భోజనం ఎక్కడ చేస్తున్నారు, హోటల్లోనా?"

"హోటల్లోనేనమ్మా," అన్నాడాయన. "మా ఆవిడ పిల్లల చదువని వాళ్లమ్మగారి ఊళ్లో ఉంటోంది. నేనొచ్చి రెండేళ్లయింది, ఈ ఊళ్లో నాకెవరూ తెలీదు. బోర్డు చూసి ఎవరూ మాట్లాడరు."

చాప మీద ఒక మూల కూర్చున్నాడు. కాసేపటికి చెప్పులు విప్పి కాళ్లు చాపుకున్నాడు. వాళ్లమ్మ చేసే ఉలవచారు గురించి చెప్పాడు. ఆ మాటల్లో "పరిగణించబడును" ఒక్కసారి కూడా రాలేదు. లేచేటప్పుడు రిజిస్టర్లో కొత్త వరస చూసి కళ్లజోడు సర్దుకున్నాడు.

"నా పేరు కూడా రాశారేంటండీ? డెబ్బై ఐదు నిమిషాలా?"

"మీరు కూర్చున్నది అంతేనండీ," అన్నాను. ఆ పేజీలో నిజం అదొక్కటే.

ఆయన కింద సంతకం పెట్టాడు. గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చి, వచ్చే తనిఖీ ఏ రోజు పెట్టుకోమంటారమ్మా అని భ్రమరాంబనే అడిగాడు. ఆవిడ బుధవారం రమ్మంది. కాగితాలవీ తేనక్కర్లేదంది.